నిలువుగా తిప్పితే ఆగిపోతుంది

టోకెన్ నంబరు పదిహేడు.

అతను కెమెరాను పసిపిల్లను దించినట్టు మెల్లగా కౌంటరు మీద దించాడు. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి కాగితం మీద నుంచి తలెత్తకుండానే ఏమైందని అడిగింది.

"నిలువుగా తిప్పితే ఆగిపోతుంది."

ఈ మూడు మాటల్నీ అతను బస్సులో నాలుగుసార్లు నెమరువేసుకుంటూ వచ్చాడు. మాట్లాడటమంటే అతనికి మూట ఎత్తుకోవడం లాంటిది. ఎత్తేముందు ఓసారి నడుం సరిచూసుకోవాలి.

చెడిపోయింది కెమెరా కాదు, దాని అడుగున తొడిగే బ్యాటరీ గ్రిప్. అందులో రెండు బ్యాటరీలు పడతాయి. కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు చెయ్యి మెలితిప్పే పని లేకుండా నొక్కడానికి దానికి వేరే బటన్ కూడా ఉంటుంది. అడ్డంగా పట్టుకున్నంతసేపూ ఆ గ్రిప్ బుద్ధిమంతుడే. నిలువుగా తిప్పితే మాత్రం, నొక్కీ నొక్కగానే కెమెరా కళ్ళు మూసేసుకుంటుంది.

ఆ అమ్మాయి పెన్నుతో గోడ మీది బోర్డు చూపించింది. రిపేరుకి ఇచ్చేముందు బ్యాటరీలు, మెమరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోవలెను, పోయినచో కంపెనీ బాధ్యత వహించదు అని ఉంది. అతను గ్రిప్ తలుపు తెరిచి, రెండు బ్యాటరీలూ, కార్డూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె సొరుగులోంచి సర్వీస్ సెంటర్ వాళ్ళ బ్యాటరీలు, కార్డు తీసి పెట్టింది. కెమెరాను నిలువుగా తిప్పి, దగ్గర్లో ఏది కనిపిస్తే దాని మీద గురిపెట్టింది. కనిపించింది అతని మొహమే.

టకటకటకమని ఇరవై ఫోటోలు పడ్డాయి.

"ఆగలేదే," అంది.

"ఇంట్లో ఆగుతుంది."

"అయితే మీ ఇల్లు పట్రండి సార్, దాన్ని చూస్తాం."

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె తెర అతని వైపు తిప్పి చూపించింది. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయినవాడి మొహంలా ఉంది అతని మొహం, ఇరవైసార్లూ.

అతను కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. కానీ పెట్టుకునేలోగా కొన్ని చూసేశాడు. ఆమె జడముడిలో సన్నటి స్క్రూడ్రైవర్ ఒకటి గుచ్చి ఉంది. నవ్వేముందు ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. ఫోటోలు తీసేవాడి కన్ను కదా, వద్దనుకునేలోపే తీసేసుకుంటుంది.

* * *

అతనిది మేనమామ స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. ఇంట్లో మామయ్య, అమ్మమ్మ, అతను.

మామయ్య చెప్పాల్సింది ముందే చెప్పేశాడు. ఊళ్ళో ఆటల క్లబ్బువాళ్ళ క్యాలెండర్‌కి ఏటా ఫోటోలు ఈ స్టూడియోనే తీస్తుంది. క్రితం పోటీల్లో ఒక పిల్ల పొడుగాటి గడకర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి, కర్ర వంచి, అందరూ నోళ్ళు తెరిచి చూస్తుండగా ఆకాశానికి లేచింది. సరిగ్గా ఆ క్షణాన అతని కెమెరా ఆగిపోయింది. క్యాలెండర్‌లో ఆ నెలకి చివరికి కప్పు పట్టుకుని నిలబడ్డ క్లబ్బు కార్యదర్శి బొమ్మ వేయాల్సి వచ్చింది.

"వచ్చే పోటీల్లో కూడా ఇలాగే చేశావంటే మైదానానికి నేనే వెళ్తాను. నువ్వు తెర వెనక పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ కూర్చో," అన్నాడు మామయ్య.

గ్రిప్ తప్పు అని అతనన్నాడు. వేలు తప్పు అని మామయ్య అన్నాడు. గ్రిప్ తీసేసి తియ్యొచ్చు కదా అనీ అన్నాడు. రెండు బ్యాటరీలు ఉంటేనే ఆ కెమెరా సెకనుకు పది ఫోటోలు తీస్తుంది. ఒక్కటైతే నాలుగు. గడకర్ర పిల్ల దాటాల్సిన కడ్డీ పైన ఉండేదే అర సెకను. ఇదంతా వివరించాలంటే చాలా మూటలు ఎత్తాలి. 

అతనికి ఈ ప్రపంచంలో బాగా వచ్చిన పని ఒక్కటే. మనిషి నేలను వదిలిన క్షణాన్ని పట్టుకోవడం. అది పోతే మిగిలేది తెల్ల పరదా, ఎత్తు తగ్గించే స్టూలు, గడ్డం కొంచెం కిందకి అనే మాట.

అమ్మమ్మ మాత్రం అతని పక్షమే. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి వచ్చింది. పేరు లేని సీసా పాముతో సమానమని ఆవిడ సిద్ధాంతం. ఉద్యోగం అయిపోయినా ఆ చెయ్యి ఊరుకోలేదు. దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, మీద నల్లసిరాతో రాసి, ఇంట్లో కదలని వస్తువుకీ కదిలే వస్తువుకీ అంటించింది. ఒక స్విచ్చి మీద ఫ్యాను అని, పక్క స్విచ్చి మీద ఫ్యాను కాదు అని ఉంటుంది. మామయ్య కళ్ళజోళ్ళ మీద దగ్గరిది, దూరానిది. టీ కప్పుల మీద ఎవరిది వాళ్ళకి. అతను ఒకసారి చార్జింగ్ అయిన బ్యాటరీకే మళ్ళీ చార్జింగ్ పెట్టి, ఖాళీది పట్టుకుపోతే, ఆ సాయంత్రమే వాటికీ నామకరణం జరిగింది. పెద్దోడు, చిన్నోడు.

* * *

రెండోసారి వెళ్ళిన రోజు వాన.

ఆ అమ్మాయి ఈసారి తల ఎత్తింది. నిలువు సార్ వచ్చారు అని లోపలికి కేక వేయలేదు కానీ, లోపల ఎవరో ఆ మాట అని నవ్వడం అతనికి వినిపించింది. తనకు పేరు పెట్టారన్నమాట. ఇంట్లో ప్లాస్టర్, ఇక్కడ ఇది.

బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె డాక్టరులా ఒక్కొక్కటే అడిగింది. గ్రిప్ బిగించే చక్రం పూర్తిగా తిప్పుతున్నారా అంటే ఆ అన్నాడు. కెమెరాకి కరెంటు అందించే రాగి ముళ్ళు తుడిచారా అంటే ఆ. కెమెరా సాఫ్ట్‌వేర్ కొత్తదేనా అంటే ఆ. బ్యాటరీలు కంపెనీవేనా అంటే జేబు తట్టి ఆ. మీరు ఊహూ అనడం ఎప్పుడైనా జరుగుతుందా అంటే కిటికీ లోంచి వాన చూశాడు.

ఆమె పెన్సిల్ రబ్బరుతో గ్రిప్ పైనున్న ముళ్ళను ఒక్కొక్కటీ రుద్దింది. ఉఫ్ అని ఊదింది. ఊదినప్పుడు చెవి దగ్గరి వెంట్రుకలు లేచి పడ్డాయి. సెకనుకు పది చొప్పున చూశాడతను.

మళ్ళీ తన బ్యాటరీలు పెట్టి నిలువుగా తిప్పి నొక్కింది. గ్రిప్ గుర్రంలా పరిగెత్తింది. చివరికి వారంటీ ఉంది కాబట్టి కంపెనీకే పంపుదామంది. కాగితం మీద ఫిర్యాదు రాసింది. నిలువుగా తిప్పితే ఆగిపోతుందని కస్టమర్ చెబుతున్నారు.

ఆ చివరి మాట దగ్గర అతని చూపు ఆగింది. చెబుతున్నారు. మామయ్య నమ్మలేదంటే సరే, ఆయన ఇంటి మనిషి. ఈ అమ్మాయి కూడా నమ్మడం లేదు.

గ్రిప్ కంపెనీకి వెళ్ళి మూడు వారాలు ఉంది. ఆ మూడు వారాలూ అతను ఎటు వెళ్ళాల్సి వచ్చినా ఆ వీధిలోంచే వెళ్ళాడు. దారి కాకపోయినా వెళ్ళాడు. అద్దాల తలుపు అవతల ఆమె ఎవరి లెన్సులోనో దుమ్ము వెతుకుతూ కనబడేది. ఒకరోజు ఆమె తలెత్తి చూస్తే, పక్కనున్న చెప్పుల కొట్టులో దూరి, కాలికి చాలని చెప్పులు కొనుక్కుని బయటపడ్డాడు.

మూడు వారాలకు గ్రిప్ వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో మెరుస్తూ ఉంది. వెంట చీటీ. పరీక్షించాము. లోపమేమీ కనబడలేదు. సక్రమముగా పనిచేయుచున్నది. ఆమె చీటీ చదివి వినిపించి, ఇంటికి తీసుకెళ్ళి చూడండి, ఏమైనా ఉంటే రండి అంది. చివరి రెండు మాటలూ మిగతా మాటల కంటే కొంచెం మెత్తగా అంది. లేదా అతనికి అలా వినిపించింది.

ఇక్కడే అతను ఒక పని చేశాడు. మాటకారి అయితే చేయడు. మాటకారికి వేరే దార్లు ఉంటాయి.

ఇంటికి వెళ్ళి, గ్రిప్‌ని సంచిలోంచి బయటకే తీయలేదు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, కొత్త చెప్పుల్లో కాళ్ళు ఇరికించుకుని, సర్వీస్ సెంటర్ తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు. టోకెన్ నంబరు ఒకటి.

"మళ్ళీనా?" అందామె.

అతను తలూపాడు.

"ఇంట్లో వేసి చూశారా?"

"ఆ. ఆగింది."

పుట్టి బుద్ధెరిగాక అతనాడిన మొదటి అబద్ధం అదేనేమో. అది కూడా పొదుపుగానే ఆడాడు.

ఆమె గ్రిప్‌ని చేతిలోకి తీసుకుంది. బ్యాటరీల తలుపు వైపు కాసేపు చూసింది. గోటితో అక్కడేదో గీకింది. తన బ్యాటరీలు పెట్టి, నిలువుగా తిప్పి, నొక్కింది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఎడమ కనుబొమ్మ లేచింది.

"మీకు ఇక్కడికి రావాలనిపిస్తే ఊరికే వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి. టోకెన్ కూడా అక్కర్లేదు. పాపం, ఆ గ్రిప్ మీదెందుకు నింద?"

లోపలి గదిలోంచి నవ్వులు వినిపించాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. కెమెరా సంచి అందుకుని, గొడుగు అక్కడే మరిచిపోయి, వానలోకి నడిచాడు.

ఇంటికి వచ్చి పెద్దోడినీ చిన్నోడినీ గ్రిప్‌లో పెట్టి నిలువుగా తిప్పాడు. కెమెరా ఆగిపోయింది.

ఈసారి నిజంగా ఆగింది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? పోటీలు ఆదివారం. ఆ రోజు బుధవారం.

* * *

శనివారం మధ్యాహ్నం మామయ్య మైదానానికని తన పాత కెమెరా తుడుచుకుంటూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. రేపు తనే వస్తున్నానని క్లబ్బువాళ్ళకి చెబుతున్నట్టు అతనికి అర్థమైంది. అతను పరదా ఉతికి ఆరేసి, స్టూలు సరిచేస్తున్నాడు. రేపటి నుంచి కాపురం దీనితోనే.

తలుపు గంట మోగింది. తిరిగి చూస్తే సర్వీస్ సెంటర్ అమ్మాయి. తల కొంచెం తడిసి ఉంది. చేతిలో అతని గొడుగు, మూసే ఉంది.

గొడుగు పిడి మీద తెల్ల ప్లాస్టర్ ముక్క. దాని మీద స్టూడియో చిరునామా, కింద నల్లసిరాతో ఒక మాట. మరిచిపోయేవాడిది.

"ఇది మీదేనని కనుక్కోవడం కష్టం కాలేదు," అందామె.

వాన పడుతుంటే గొడుగు ఎందుకు వేసుకోలేదని అతను అడగబోయాడు, కానీ ఆ మూట ఎత్తలేకపోయాడు. తనకు ఆఫీసు కార్డు మీదికి కొత్త ఫోటో కూడా కావాలని ఆమే చెప్పింది. స్టూలు మీద కూర్చుంది. పనికొచ్చే ఫోటో నిలువుదే కాబట్టి అతను అలవాటు కొద్దీ గ్రిప్ ఉన్న కెమెరానే ఎత్తి, నిలువుగా తిప్పి, కన్ను ఆనించాడు.

ఎడమ కనుబొమ్మ లేచింది. నవ్వు మొదలవుతోంది. నొక్కాడు.

కెమెరా ఆగిపోయింది.

అంత సంతోషంగా కెమెరా ఆగిపోవడం ఆ స్టూడియోలో అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. అతను కెమెరాను ఆమె వైపు తిప్పి, నల్లబడ్డ తెరను ఇంటికొచ్చిన చుట్టానికి పిల్లవాడి మార్కులు చూపించినట్టు చూపించాడు.

ఆమె నవ్వు పూర్తిచేయలేదు. స్టూలు దిగి వచ్చి కెమెరా లాక్కుంది. అడ్డంగా పట్టుకుంటే వెలిగింది. నిలువుగా తిప్పితే ఆరింది. మళ్ళీ అడ్డం, మళ్ళీ నిలువు. జడముడిలోంచి స్క్రూడ్రైవర్ లాగి, గ్రిప్ తలుపు తెరిచింది. బ్యాటరీలు బయటికి లాగింది.

పెద్దోడు. చిన్నోడు. రెండింటి నెత్తినా, రాగి రేకుల పక్కనే, దళసరి తెల్ల ప్లాస్టర్.

ఆమె ఒకసారి బ్యాటరీల వైపు, ఒకసారి గొడుగు పిడి వైపు చూసింది. ఈ చేతిరాత ఎవరిదని అడిగింది. అప్పటికే మెట్లు దిగి వచ్చిన అమ్మమ్మ, నాదేనమ్మా, ఏం, అక్షరం బాగాలేదా అంది.

అక్షరం ముత్యాల్లా ఉందనీ, ప్లాస్టరే వెంట్రుకవాసి మందమయిందనీ ఆమె వివరించింది. ఆ మందం వల్ల బ్యాటరీ గూట్లో పూర్తిగా దిగడం లేదు. అడ్డంగా ఉన్నంతసేపు తన బరువుతో ఆనుకుని ఉంటోంది. నిలువుగా తిప్పగానే జరిగి, తాకీ తాకనట్టు అయిపోతోంది. పేర్లు పెట్టి ఎన్నాళ్ళయిందంటే అమ్మమ్మ వేళ్ళు లెక్కపెట్టింది. సరిగ్గా క్రితం పోటీల ముందు వారం.

సర్వీస్ సెంటర్‌కి ఎన్నిసార్లు వెళ్ళినా అతను వాటిని తీసి జేబులో వేసుకునేవాడు. బోర్డు అలా వేసుకోమనే చెబుతోంది. వాళ్ళు తమ బ్యాటరీలు పెట్టి చూసేవాళ్ళు. కంపెనీవాళ్ళూ అంతే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"రోగిని చేర్చుకుని రోగాన్ని ఇంటికి పంపించాం," అందామె. తర్వాత అతని వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరు చెప్పింది నిజమే. నేనే నమ్మలేదు," అంది.

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. తన ప్లాస్టర్ వల్ల మనవడి పని పోబోయిందన్నది ఆవిడకి మందుల గదిలో సీసా మారినంత నేరం. ఆ అమ్మాయి ఆవిడ చేతిలో సిరాకలం పెట్టి, బ్యాటరీ వీపు మీద, ఏమీ అంటించకుండా, నేరుగా రాయమంది. పెద్దోడికీ చిన్నోడికీ రెండోసారి నామకరణం జరిగింది. కాసిని స్పిరిట్ చుక్కలతో జిగురు తుడిచేశారు. కెమెరాను నిలువుగా తిప్పి అతను నొక్కాడు. టకటకటక.

ఫోన్ పెట్టేసి వచ్చిన మామయ్య ఇదంతా విన్నాడు. వేలు తప్పు కాదన్నమాట అని గొణిగి, దగ్గరి కళ్ళజోడు తీసి దూరానిది పెట్టుకుని, మళ్ళీ క్లబ్బుకి ఫోన్ చేశాడు. రేపు నేను రావడం లేదు, మా వాడే వస్తాడు అని చెప్పాడు.

* * *

ఆదివారం మైదానంలో వాన వెలిసి గడ్డి ఇంకా తడిగానే ఉంది. అతను కడ్డీకి ఎదురుగా తడి గడ్డి మీద బోర్లా పడుకున్నాడు. రెండడుగుల వెనక గొడుగు పట్టుకుని ఆ అమ్మాయి నిలబడింది. సెలవు రోజున ఏం పని అని అతను అడగలేదు. రిపేరు చేసిన వస్తువు ఎలా నడుస్తోందో చూసుకోవాలి కదా అని ఆమే చెప్పింది.

గడకర్ర పిల్ల పరిగెత్తుకొచ్చింది. కర్ర వంగింది. అతను కెమెరాను నిలువుగా తిప్పి ఊపిరి బిగబట్టాడు.

ఆ పిల్ల నేలను వదిలింది. గ్రిప్ ఆ పిల్లను వదల్లేదు.

పిల్ల పరుపు మీద పడ్డాక, చప్పట్లు ఆగాక, ఇద్దరూ గడ్డిలో కూర్చుని తెర మీద చూశారు. ఏడో ఫోటోలో పిల్ల కడ్డీకి పైన, కర్రను వదిలేసి, ఏ ఆధారమూ లేకుండా ఉంది. మొహంలో భయం లేదు. ఇంకా పడటం మొదలుకాలేదు.

"ఇదే," అంది ఆమె.

అతను ఒక గడ్డిపోచ తెంపాడు. ఎత్తాల్సిన మూట ఒకటి మిగిలి ఉంది. నడుం సరిచూసుకున్నాడు.

"మొన్న బుధవారం... నేను ఇంట్లో వేసి చూడలేదు. ఆగిందో లేదో తెలియదు. ఊరికే వచ్చాను."

"తెలుసు."

అతను తల తిప్పి చూశాడు.

"కంపెనీవాళ్ళు బ్యాటరీ తలుపు మీద చిన్న కాగితం సీలు వేసి పంపుతారు. అది చింపకుండా బ్యాటరీలు ఎలా పెట్టారు మీరు?" అంది. "నేనే గోటితో చింపాను."

"మరి అప్పుడే అడగలేదేం?"

"కుర్చీ చూపించాను కదా. టోకెన్ కూడా వద్దన్నాను. కోపం తెచ్చుకుని వెళ్ళిపోయింది ఎవరు?"

అతనికి నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా అది వెక్కిరింత అనుకున్నాడు. ఎడమ కనుబొమ్మను సెకనుకు పది చొప్పున చూసినవాడు ఆ ఒక్కటీ చూసుకోలేకపోయాడు.

"అయితే రేపు వస్తాను," అన్నాడు.

"ఏం కంప్లయింట్ రాయమంటారు?"

అతను ఆలోచించాడు. "ఏమీ వద్దు. చూడాలనిపించిందని కస్టమర్ చెబుతున్నారు, అని రాయండి."

ఆ రోజు అతను అన్నన్ని మాటలు ఆమె అంతకు ముందెప్పుడూ వినలేదు. గొడుగు మూసేసింది. వాన లేదని అప్పుడే గమనించినట్టు.

* * *

ఆ ఏడు క్యాలెండర్‌లో గడకర్ర పిల్లకి నెల కాదు, ముఖచిత్రమే దక్కింది. కార్యదర్శికి ఈసారి ఏ నెలా దొరకలేదు.

ఆమె స్టూడియోకి తన ఆఫీసు కార్డు ఫోటో కోసం మూడుసార్లు వచ్చింది. మొదటిసారి కళ్ళు మూసుకుపోయాయట. రెండోసారి నవ్వు ఎక్కువైందట. మూడోసారి ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు. అమ్మమ్మ పైకి పిలిచి టీ ఇచ్చింది. పెద్దవాళ్ళెవరు, ఏం చేస్తారు, ఎప్పుడు కలవొచ్చు అని మందుచీటీ చదివినంత నింపాదిగా అడిగి తెలుసుకుంది. కప్పు మీద తాజా ప్లాస్టర్ ఉంది. కౌంటరు పిల్ల.

నాలుగోసారి ఆమె వాళ్ళ అమ్మానాన్నల్ని వెంటపెట్టుకుని వచ్చింది. కింద మామయ్య వాళ్ళని కూర్చోబెట్టి గడకర్ర పిల్ల ఫోటో చూపిస్తూ, వేలు మంచిదండీ మావాడిది అంటున్నాడు. ఆమె పైకి వచ్చి తన కప్పు అందుకుంది.

కప్పు మీద ప్లాస్టర్ మారింది. ఆమె చదివింది. చదివి, అమ్మమ్మ వైపు చూసి, జడముడిలోని స్క్రూడ్రైవర్ తీసి మళ్ళీ గుచ్చుకుంది. మాటలు అందని ఆ జబ్బు ఆ ఇంట్లో అంటువ్యాధి కాబోలు.

మా పిల్ల, అని ఉంది.

"ఇది మందమేం కాదు కదా?" అని అడిగింది అమ్మమ్మ.

"సరిగ్గా సరిపోయింది అమ్మమ్మా," అంది ఆమె.